శత్రువు పక్కింట్లో లేడు

శుక్రవారం పొద్దున పదకొండు దాటాక మేడ్చల్‌లో ఏ సందులోంచి నడిచినా ఎక్కడో ఒకచోట ప్రార్థన వినిపిస్తుంది. రేకుల షెడ్డులో కావచ్చు, అద్దె ఇంటి మేడ మీద కావచ్చు, మంచాలు వాకిట్లో వేసి చాపలు పరిచిన ముందు గదిలో కావచ్చు. ఉపవాస కూడిక అన్నమాట. మైకు లేకపోయినా గొంతులు వీధి మలుపు దాకా వస్తాయి. కొత్తగా విన్నవాళ్లకు కాస్త కంగారుగానే ఉంటుంది. ఎందుకంటే అక్కడ వినిపించేవన్నీ యుద్ధం మాటలు. శత్రువు, కోటలు, ఖడ్గం, కవచం, జయం...

మా పై వాటాలో ఉండే ఆవిడ ఒకరోజు డాబా మీద బట్టలు ఆరేస్తూ అడిగేసింది. "టీచరుగారూ, ఏమీ అనుకోకండి. మీవాళ్లు శత్రువు కోటలు కూలిపోవాలి, వాడు పారిపోవాలి అని అంత గట్టిగా అరుస్తారు కదా... ఆ శత్రువు ఎవరండీ? మేమా?"

నవ్వుతూనే అడిగింది. కానీ ఎన్నాళ్లనుంచో మనసులో పెట్టుకున్న ప్రశ్న అని తెలుస్తూనే ఉంది. క్రిస్మస్‌కు మేం పంపిన కేకు తిని, సంక్రాంతికి డబ్బా నిండా అరిసెలు పంపే మనిషి. మా ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా మిరియాల కషాయంతో మెట్లు దిగే మనిషి.

"మీరు కాదండీ" అన్నాను. "ఆ మాటలు ఏ పుస్తకంలోంచి వచ్చాయో, శత్రువు మనిషి కాదని ఆ పుస్తకమే చెబుతుంది."

"అయితే కాస్త గొంతు తగ్గించొచ్చు కదా! వినాల్సినవాడు మనిషే కానప్పుడు..." అంది ఆవిడ.

దానికి నా దగ్గర జవాబు లేదు. రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటి దాకా లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు చెబుతూనే ఉన్నాయి. దేవుడికి చెవుడు లేదని మా ఇళ్లలో పెద్దవాళ్లూ చెబుతూనే ఉన్నారు. గొంతు సంగతి అలా ఉంచితే, ఆవిడ మొదట అడిగిన ప్రశ్న మాత్రం తేలికైంది కాదు. మా వైపు ఊళ్లలో ఆ ప్రశ్నకు తప్పు జవాబు చెప్పుకుంటే ప్రాణాలు పోతాయి. పోయాయి కూడా.

'ఆత్మీయ పోరాటం' అనే మాట వినగానే క్రైస్తవులకు ముందుగా గుర్తొచ్చేది ఎఫెసీ పత్రిక ఆరో అధ్యాయం. మొదటి శతాబ్దంలో పౌలు చెరలో ఉండి ఎఫెసు సంఘానికి రాశాడని సంప్రదాయం చెప్పే ఉత్తరం అది. అందులో ఒక సైనికుణ్ణి నిలువెత్తు బొమ్మలా గీస్తాడు. నడుముకు దట్టి, రొమ్ముకు కవచం, కాళ్లకు చెప్పులు, చేతిలో డాలు, తలకు శిరస్త్రాణం, చివర ఖడ్గం. దట్టి అంటే సత్యం, కవచం అంటే నీతి, చెప్పులంటే సమాధాన సువార్త... ఇలా ఒక్కొక్కదానికీ అర్థం చెప్పుకుంటూ పోతాడు. సండే స్కూలు పిల్లలు అట్టముక్కలతో ఆ కవచం చేసుకుని నాటకం వేస్తారు. ఖడ్గం ఎవరు పట్టుకోవాలన్న దగ్గర ప్రతి ఏడూ పోట్లాటే.

పిల్లలు సరే, పెద్దవాళ్లం కూడా ఆ బొమ్మ దగ్గరే ఆగిపోతాం. దానికి ముందున్న మాట, వెనకున్న మాట జారిపోతాయి. ముందున్న మాట ఏమిటంటే, మన పెనుగులాట రక్తమాంసాలున్న మనుషులతో కాదు అని. ఈ మాట అంటున్నది ఎవరు? సంకెళ్లలో ఉన్న మనిషి. ఆయన్ని పట్టించినవాళ్లు, కొట్టినవాళ్లు, బంధించినవాళ్లు అందరూ పేర్లూ ముఖాలూ ఉన్న మనుషులే. వాళ్లలో ఒక్కరి పేరు కూడా ఆ పోరాటం జాబితాలో రాయలేదు. ఇక వెనకున్న మాట, ప్రార్థన. ఖడ్గం దాకా వచ్చాక, మెలకువగా ఉండి అందరి కోసం ప్రార్థన చేయండని రాసి, నా కోసం కూడా చేయండని అడుగుతాడు. ఏం అడుగుతాడో చూడండి. సంకెళ్లు తెగిపోవాలని అడగడు. తనను బంధించినవాళ్లు నాశనం కావాలని అడగడు. ధైర్యంగా మాట్లాడే శక్తి కావాలంటాడు. అంతే.

ప్రార్థనను 'ఏడో ఆయుధం' అని కొందరు బోధకులు చెబుతుంటారు. వినడానికి బాగుంటుంది గానీ నాకు ఒప్పుదల కాదు. పౌలు మిగతా అన్నిటికీ ఆయుధాల పేర్లు పెట్టి దీనికి మాత్రం పెట్టలేదు. ఆయుధమైతే ఎవరి మీద విసరాలా అని చేయి వెతుక్కుంటుంది. అట్ట ఖడ్గం దొరికిన పిల్లాడు పక్కవాణ్ణి పొడవకుండా ఉండగలడా?

ఇదంతా పుస్తకం చర్చలా అనిపిస్తుంది గానీ, ఇక్కడ ఇది రోజువారీ సంగతి. మేడ్చల్, శామీర్‌పేట అంటే ఒకప్పుడు ద్రాక్ష తోటలు, కూరగాయల మడులు. సికింద్రాబాద్ నుంచి 229 బస్సెక్కి ఇంత దూరం వస్తే 'ఊరికి పోయొచ్చాం' అనేవాళ్లు. తర్వాత ఫ్యాక్టరీలు వచ్చాయి. ఔటర్ రింగు రోడ్డు వచ్చింది. 2016 అక్టోబరులో జిల్లా కూడా అయింది. భూమి ధర పెరిగినకొద్దీ అన్నదమ్ముల మధ్య మాట తగ్గింది. ప్రార్థన కూడికల్లో చెప్పుకునే మనవులు వింటే ఈ చరిత్రంతా తెలిసిపోతుంది. భర్త తాగుడు, కాంట్రాక్టు కూలి ఆగిపోవడం, చిట్టీ ఎత్తిన మనిషి కనపడకపోవడం, అమ్మిన ఎకరం డబ్బు రెండేళ్లలో కరిగిపోవడం, పట్టా పాసుపుస్తకంలో పేరు ఎగిరిపోవడం. ఇవన్నీ అందరి ముందూ చెబుతారు. ఒక్క మనవి మాత్రం గొంతు తగ్గించి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెబుతారు.

"ఎవరో ఏదో చేసిన్రు."

బాణామతి. అటు మెదక్ నుంచి ఇటు మా శామీర్‌పేట దాకా ఆ మాటను పూర్తిగా పలకడానికి కూడా జంకుతారు. గడప దగ్గర నిమ్మకాయ కనపడితే చాలు, బర్రె పాలివ్వకపోతే చాలు, పిల్ల ఉన్నట్టుండి మాట్లాడటం మానేస్తే చాలు. క్రైస్తవ ఇళ్లు, హిందూ ఇళ్లు, ముస్లిం ఇళ్లు అన్న తేడా ఈ ఒక్క భయానికి లేదు. ఆ మాట తర్వాత వచ్చే ప్రశ్న కూడా అందరికీ ఒకటే. "ఎవరు చేశారు?" జబ్బేమిటి, మందేమిటి అన్న ప్రశ్నలు దాని వెనక ఎక్కడో నిలబడి ఉంటాయి.

2019 సెప్టెంబరులో శామీర్‌పేట దగ్గరి అద్రాస్‌పల్లిలో చాన్నాళ్లుగా జబ్బుతో ఉన్న ఒక మహిళ చనిపోయింది. ఆమె చావుకు అదే ఊరి యువకుడొకడు చేసిన చేతబడే కారణమని ఆమె వైపువాళ్లు కొందరు అనుమానించారు. అంత్యక్రియలనాడే అతణ్ణి చంపి ఆమె చితి మీదే వేశారు. వార్త పేపర్లలో వచ్చిన రోజు మా స్టాఫ్ రూములో ఎవరూ టిఫిన్ డబ్బా తెరవలేదు. ఆ చుట్టుపక్కలే దేశమంతా పేరున్న నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీ ఉంది. ఆ చితి కాలిన రెండేళ్లలోపే, 2021 జనవరిలో, అక్కడ తయారైన కోవాగ్జిన్‌కు అనుమతి వచ్చి ఊరూరికీ వెళ్లింది. అంత న్యాయశాస్త్రం, అంత వైద్యశాస్త్రం పక్కన పెట్టుకుని కూడా "ఎవరు చేశారు?" అన్న ప్రశ్నను మేం దాటలేకపోయాం. మహారాష్ట్ర 2013లో ఇలాంటి వాటి మీద ప్రత్యేక చట్టం చేసింది, కర్ణాటక 2017లో చేసింది. చట్టం అవసరమే. అయితే చట్టం గడప బయట నిలబడుతుంది. అనుమానం పుట్టేది వంటింట్లో.

ప్రార్థన కూడిక కూడా వంటింటి పక్క గదిలోనే జరుగుతుంది. అందుకే అక్కడ ఏం మాట్లాడుకుంటారన్నది ముఖ్యం.

మా కూడిక చిన్నది. పద్దెనిమిది, ఇరవై మంది ఆడవాళ్లం. నడిపించేది ఒక పెద్దావిడ. మేమంతా పెద్దమ్మ అంటాం. మెదక్ చర్చి కట్టేటప్పుడు రాళ్లు మోసిన తాత గురించి ఇప్పటికీ గర్వంగా చెబుతుంది. 1924 క్రిస్మస్ రోజున ఆ చర్చి ప్రతిష్ఠ జరిగింది కాబట్టి ఆ కథ వయసు వందేళ్లు. పెద్దమ్మ తోటపనిలో జీవితం గడిపింది. చదువు బైబిలు చదివేంత. దయ్యాలున్నాయని గట్టిగా నమ్ముతుంది. ఈ విషయంలో నేను ఆమెను కాస్త ఆధునికంగా చూపించాలనుకున్నా కుదరదు.

అద్రాస్‌పల్లి సంగతి జరిగిన మూడు నాలుగు వారాలకు మా కూడికకు వచ్చే ఒకామె కొడుకు పడిపోవడం మొదలైంది. ఎనిమిదో తరగతి పిల్లాడు. కళ్లు తేలేసి, చేతులు కొట్టుకుని, నోట్లో నురగ. మొదటిసారి ఇంట్లో, రెండోసారి బడి గ్రౌండులో. చేతిలో తాళంచెవులు పెట్టారు, ఉల్లిపాయ వాసన చూపించారు, తాయెత్తు కట్టించారు. అప్పటికే ఆ ఇంట్లో రోడ్డు పక్కన ఎకరన్నర భూమి మీద అన్నదమ్ముల తగాదా నడుస్తోంది. ఒక పొద్దున గేటు దగ్గర కుంకుమ పూసిన నిమ్మకాయ కనపడింది. ఇంకేముంది, యారాలు చేసిందన్నారు. యారాలంటే మా వైపు తోడికోడలు. ఆమె భర్త తమ్ముడు, మరిది వరసైనవాళ్లు సాయంత్రాలు అరుగు మీద కూర్చుని "తేల్చుకుందాం" అనడం మొదలుపెట్టారు. ఏం తేల్చుకుంటారో ఎవరూ విడమరచి అడగలేదు. ఆ నెలలో ఎవరికీ అడగాల్సిన అవసరం లేదు.

ఆ శుక్రవారం ఆమె వచ్చి చాప మీద కూలబడి చెప్పింది. "మా యారాలు చేసింది పెద్దమ్మా. ఆమె చేసింది ఆమెకే మళ్లి తగలాలె. గట్ల ప్రార్థన చెయ్యుండ్రి."

పెద్దమ్మ నోరు తెరిచే లోపల, ఆ రోజు సిటీ నుంచి వచ్చిన బోధకుడొకాయన కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు. తనకు ఒక స్త్రీ కనబడుతోందట. దగ్గరి బంధువట. ఇంటికి తూర్పు వైపు ఉంటుందట. గదిలో ఇరవై మందిమి ఉన్నాం. ఆ ఇంటికి తూర్పున ఎవరుంటారో అందరికీ తెలుసు. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. ఇద్దరు ముగ్గురు అప్పుడే తలలూపడం కూడా చూశాను.

పెద్దమ్మ గోడ పట్టుకుని లేచింది. "అయ్యగారూ, వందనాలు. మనిషి గుర్తులు జెప్పకుండ్రి. దయ్యమైతే పేరు జెప్పుండ్రి, అందరం గలిసి ఎల్లగొడుదాం. మనిషైతే పేరు జెప్పుండ్రి, ఆమెకు మంచి జరగాలని ప్రార్థన జేద్దాం. ఈ రెండు గాక మూడోది మా ఇంట్ల లేదు."

ఆయన కాసేపు ఆగి, స్తోత్రం చెప్పి, వేరే వాక్యం తీశాడు. తెలివైనవాడే.

తర్వాత పెద్దమ్మ చేసిన ప్రార్థన నాకు ఇప్పటికీ గుర్తుంది. యారాలి పేరు పెట్టి, ఆమె మోకాళ్ల నొప్పుల కోసం, ఆమె కూతురికి కుదరని సంబంధం కోసం, ఆమెకు రాత్రిళ్లు నిద్ర పట్టడం కోసం అడిగింది. ఆ తర్వాతే పిల్లాడి కోసం. ఆ తర్వాత సాతాను మీద విరుచుకుపడింది. ఈ ఇంట్లోకి అనుమానమై దూరినవాడా, పో అంది. గొంతు పై వాటా దాకా వెళ్లే ఉంటుంది! అందరం ఆమేన్ అన్నాం, ఆ తల్లి తప్ప. ఆమె మొహం పక్కకు తిప్పుకుని కూర్చుంది. నాకు ఆమె మీద కోపం రాలేదు. కొడుకు నోట్లో నురగ చూసిన తల్లి అంత తొందరగా ఎలా అంటుంది?

సువార్తల్లో ఇలాంటి పిల్లాడే ఒకడున్నాడు. మార్కు తొమ్మిదో అధ్యాయం. నురగ కార్చుకుంటూ నేల మీద పొర్లే కొడుకును తండ్రి తీసుకొస్తాడు. శిష్యుల వల్ల కాదు. యేసు ఆ తండ్రిని అడిగిన ప్రశ్న, ఇది ఎన్నాళ్లనుంచి ఉంది అని. ఈ రోజుల్లో డాక్టరు అడిగే మొదటి ప్రశ్న కూడా అదే. ఎవరు చేశారని అడగలేదు. చివర శిష్యులతో, ఇలాంటిది ప్రార్థన వల్లనే పోతుందని చెబుతాడు. యోహాను తొమ్మిదో అధ్యాయంలో పుట్టు గుడ్డివాణ్ణి చూసి శిష్యులే అడిగేస్తారు, ఎవరి పాపం వల్ల ఇలా పుట్టాడు, వీడిదా, వీడి తల్లిదండ్రులదా అని. ఎవరిదీ కాదంటాడాయన. ఇంకొకటి ఉంది, లూకాలో. సమరయుల ఊరొకటి తమను రానివ్వలేదని ఇద్దరు శిష్యులు ఆకాశం నుంచి అగ్ని రప్పించి ఊరిని కాల్చేద్దామా అని ఉత్సాహపడతారు. ఆయన వాళ్లనే గద్దించి వేరే ఊరికి నడుస్తాడు. మా కూడికల్లో ఎక్కువగా చదవని భాగం ఇది. చదవాలి.

ఈ యుద్ధ భాషంతా మన ఊళ్లలోనే పుట్టిందనుకుంటే పొరపాటు. 1990లలో అమెరికాలో పీటర్ వాగ్నర్ వంటివాళ్లు ప్రతి ప్రాంతం మీదా ఒక దురాత్మ పెత్తనం ఉంటుందని, ఆ ప్రాంతాల పటాలు గీసి, అక్కడ నడుస్తూ ప్రార్థన చేసి దాన్ని బంధించాలని పుస్తకాలు రాశారు. క్యాసెట్ల మీద, సెమినార్ల మీద అది మనదాకా వచ్చింది. ఏడు రోజులు ఊరు చుట్టూ తిరిగే యెరికో ప్రార్థనలు, కొండల మీద రాత్రి ప్రార్థనలు పెరిగాయి. వీటివల్ల మంచేమీ జరగలేదనను. తన ఊరి సందుల పేర్లు, స్కూళ్ల పేర్లు చెప్పి ప్రార్థన చేయడం చాలామంది అప్పుడే నేర్చుకున్నారు. కానీ పటంలో నల్లరంగు వేసిన చోట మనుషులు కాపురం ఉంటారు. సాయంత్రం వాళ్ల కొట్లోనే మనం ఉప్పూ పప్పూ కొంటాం. క్రైస్తవ లోకంలోనే ఈ పద్ధతి మీద గట్టి చర్చ జరిగింది. 2000 ఆగస్టులో లోజాన్ ఉద్యమం నైరోబీలో ప్రత్యేకంగా సదస్సు పెట్టి ఆత్మీయ పోరాటం గురించి మంచీ చెడూ మాట్లాడుకుంది.

ఈ పటాలకు ఆధారంగా చూపే కథ దానియేలు పదో అధ్యాయంలోది. మన సంఘాల్లో ఇరవై ఒక్క రోజుల ఉపవాసాలకూ మూలం అదే. దానియేలు మూడు వారాలు రుచిగల భోజనం మాని దుఃఖంతో ప్రార్థన చేస్తాడు. తర్వాత వచ్చిన దూత, పారసీక రాజ్యాధిపతి అడ్డగించినందువల్ల ఆలస్యమైందని చెబుతాడు. నిజమే, ఆకాశంలో ఏదో పోరాటం జరిగింది. కానీ ప్రార్థన చేస్తున్నంతసేపూ ఆ సంగతి దానియేలుకు తెలియనే తెలియదు. అతను ఎవరినీ బంధించలేదు. అప్పుడతను ఉన్నదెవరి రాజ్యంలో? పారసీక రాజు కోరెషు రాజ్యంలో. ఆ పారసీకుల మధ్యే నమ్మకంగా ఉద్యోగం చేసిన మనిషి. పారసీక రాజ్యాధిపతి అడ్డుపడ్డాడని తెలిశాక కూడా పక్కింటి పారసీకుడి మీదికి వెళ్లలేదు.

తెలుగు నేల మీద ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది, ఒంగోలు. 1854 జనవరి 1న తెల్లవారుజామున లైమన్ జూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు క్రైస్తవులు కొండెక్కి, కింద కనబడుతున్న ఊళ్ల కోసం ప్రార్థన చేశారు. అప్పటికి అమెరికాలో వాళ్లను పంపినవాళ్లు ఈ పని మూసేద్దామా అని మాట్లాడుకుంటున్నారు. అక్కడికి ఒక మనిషి కావాలని వీళ్లు అడిగారు. జాన్ క్లౌ వచ్చింది 1866లో. పన్నెండేళ్లు! తర్వాత 1876-78 కరువు వచ్చింది. సర్వే పని తెలిసిన క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లతో తవ్వించాడు. కూలి ఇచ్చాడు. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తీరాక 1878 జూలై 3న గుండ్లకమ్మ దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ప్రసంగాల్లో ఈ చివరి అంకె ఒక్కటే వినిపిస్తుంది. నాకు మాత్రం కొండ మీద ఐదుగురు మోకరించిన తెల్లవారుజాముకీ, కాలువ గట్టు మీద పంచిన కూలికీ మధ్య ఉన్న సంబంధం ఎక్కువ విలువైనదిగా తోస్తుంది. ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు.

ఇక మా పిల్లాడి సంగతి. మరుసటి సోమవారం పెద్దమ్మే ఆ తల్లీకొడుకుల్ని వెంటబెట్టుకుని సిటీలో ఆస్పత్రికి బయల్దేరింది. బస్సులో సీటు కోసం నేనూ వెళ్లాను. పరీక్షలు చేసి మూర్ఛవ్యాధి అన్నారు. రోజూ మాత్రలు వేసుకోవాలి, తగ్గినట్టనిపించినా డాక్టరు చెప్పకుండా ఆపకూడదు, పడిపోయినప్పుడు ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో చెంచాలు, చేతిలో ఇనుము పెట్టొద్దన్నారు. ప్రపంచంలో ఐదు కోట్ల మందికి ఈ జబ్బు ఉందని, సరిగ్గా వైద్యం చేస్తే వాళ్లలో నూటికి డెబ్బై మంది దాకా మూర్ఛలు లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ అంకె నేను తెలుగులో కాగితం మీద రాసి ఆమెకిచ్చాను. అంకెలంటే ఆమెకు నమ్మకం లేదు, కానీ కాగితం దాచుకుంది.

మాత్రల డబ్బా బైబిలు పక్కనే పెట్టాలని పెద్దమ్మ హుకుం. "పొద్దుగాల వాక్యం జదివి గోలి వెయ్యి. గోలి మీద గూడ ప్రార్థన జెయ్యి. రెండూ ఆయనవే." నమ్మకం ఉంటే మందులెందుకని గుసగుసలాడిన ఇద్దరు ముగ్గురు మా కూడికకు రావడం మానేశారు. రానీలే అన్నట్టు ఊరుకుంది పెద్దమ్మ.

మిగిలిన పని ప్రార్థన. ప్రతి శుక్రవారం యారాలి పేరు వచ్చేది. మొదటి మూడు వారాలు తల్లి ఆమేన్ అనలేదు. నాలుగో వారం ఆ పేరు తనే చెప్పాలని పెద్దమ్మ పట్టుబట్టింది. చెప్పింది, పళ్లు బిగించి. ఒక మనిషి పేరు పట్టుకుని ఆమెకు మోకాళ్ల నొప్పులు తగ్గాలని అడగాలంటే ఆ మోకాళ్లను ఒకసారి తలచుకోవాలి. మెట్లెక్కేటప్పుడు ఆమె చేయి గోడకు ఆనించడం గుర్తుకొస్తుంది. అది గుర్తొచ్చాక నిమ్మకాయ మీద ధ్యాస కాస్త పలచబడుతుంది. ఇందులో మహిమ ఎంత, మనస్తత్వ శాస్త్రం ఎంత అని మా స్టాఫ్ రూములో లెక్కల సారు నన్ను అడిగారు. విడదీసి తూచే త్రాసు నా దగ్గర లేదు. నేను దాన్ని ప్రార్థన అనే అంటాను.

ఆమె ఇంటికెళ్లి మగవాళ్లతో ఏం మాట్లాడిందో నాకు తెలియదు. అరుగు మీద "తేల్చుకుందాం" అన్న మాట మాత్రం క్రిస్మస్ నాటికి ఆగింది. భూమి తగాదా కోర్టుకెక్కింది. కోర్టుకెక్కడం మంచిదే, అక్కడ గొడ్డళ్లు తీసుకెళ్లనివ్వరు.

అన్నీ చక్కబడ్డాయని రాయలేను. కేసు ఇంకా నడుస్తోంది. వాయిదా ఉన్న రోజున రెండు కుటుంబాలూ ఒకే బస్సులో వెళ్తూ ఒకరినొకరు చూడనట్టు కిటికీల్లోంచి చూస్తుంటారు. ఆ నిమ్మకాయ ఎవరు పెట్టారో ఇప్పటికీ తెలియలేదు. పిల్లాడు మాత్రలు వేసుకుంటూనే ఇంటర్ దాటాడు, మధ్యలో రెండుసార్లు పడిపోయాడు కూడా. ఒకసారి నేనే అడిగాను, "మీ యారాలి మీద కోపం పోయిందా అమ్మా?" అని. "ఏడ పోతది టీచరమ్మా! కాకపోతే పొద్దుగాల పేరు వెట్టి ప్రార్థన జేస్తున్న కదా, మాపటికి అదే పేరు వెట్టి తిట్టనీకి నోరు వస్తలేదు" అంది.

పెద్దమ్మకు ఇప్పుడు చూపు బాగా తగ్గింది. మనవుల నోట్‌బుక్కు నా చేతికొచ్చింది. రెండు గీతల పుస్తకం, అట్ట ఊడిపోతే గోధుమరంగు టేపు అతికించి ఉంది. ప్రతి శుక్రవారం కూడికకు ముందు నేను పేర్లు చదువుతాను, ఆమె వేళ్ల మీద లెక్కపెట్టుకుంటుంది. పోయిన వారం పిల్లాడు వచ్చి గడప దగ్గరే నిలబడి, లోపల వాళ్లమ్మ ఉందా అని ఒకసారి తొంగిచూసి, ఒక చీటీ ఇచ్చి వెళ్లాడు. అతని చేతిరాతే. మాట మాత్రం అతనిది కాదు. వాళ్ల పెద్దమ్మ కూతురికి తొమ్మిదో నెల, బిడ్డ అడ్డం తిరిగి ఉందని డాక్టరమ్మ చెప్పింది, శుక్రవారం ప్రార్థనలో పెట్టమంది, తన పేరు చెప్పొద్దంది.

పేరు రాయకుండానే ఎక్కించాను. చదవగానే పెద్దమ్మ, "మొదట్ల రాయి" అంది.